ఆదివారం వచ్చే యూనివర్సిటీ స్టూడెంట్ల దగ్గరకు పాపను పంపనా, మానిపించనా?

ప్రశ్న:

మేడం గారికి నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర ఒక పల్లె. నేను పుట్టింది ఆంధ్రాలో పాతపట్నం వైపు. టెన్త్ వరకు తెలుగులోనే చదువుకున్నాను. పెళ్లయి ఇటు వచ్చి పదేళ్లు దాటింది. ఎవరైనా ఒడియాలో మాట్లాడితే అర్థమవుతుంది, అవసరానికి నాలుగు మాటలు మాట్లాడతాను. చదవడం మాత్రం రాదు. మా ఆయన విశాఖలో బిల్డింగ్ పనులకు వెళ్తారు, పండగలకే ఇంటికి వస్తారు. మా పాప నాలుగో తరగతి, బాబు అంగన్‌వాడీకి వెళ్తున్నాడు.

ఏడాదిగా ఒక యూనివర్సిటీ స్టూడెంట్లు ఆదివారాలు మా ఊరికి వస్తున్నారు. రామమందిరం అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టి ఒడియా, లెక్కలు, ఇంగ్లిషు చెబుతారు, ఆటలు ఆడిస్తారు. ఒకసారి ఇల్లిల్లూ తిరిగి మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా, ఎంతమంది వలస వెళ్లారు అని రాసుకున్నారు. ఇంకోసారి పిల్లల ఎత్తు, బరువు చూసి వేలికి గుచ్చి రక్తం తీశారు. ఆ ఫలితం ఏమిటో ఇప్పటిదాకా చెప్పలేదు. మూడు నెలలు బాగా వస్తారు, తర్వాత రెండు నెలలు కనిపించరు, మళ్లీ వచ్చేసరికి కొత్త మొహాలు. మా అత్తయ్య “ఫొటోలు తీసుకోడానికి వస్తన్నారు, మన పిల్లకేటి లాభం?” అంటారు.

పాపకు మాత్రం వాళ్లంటే ప్రాణం. కానీ వాళ్లు చెప్పేది సగం అర్థం కాదంటుంది. వాళ్లలో తెలుగు వచ్చినవాళ్లు ఒకరో ఇద్దరో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, అరుగు మీద ఇంగ్లిషు. మూడింటి మధ్య ఏదీ రాకుండా పోతుందేమోనని నాకు టెన్షన్. పోయిన నెల వాళ్ల మేడం “తల్లుల మీటింగ్ పెడతాం, మీరూ రండి” అన్నారు. టెన్త్ చదివినదాన్ని, యూనివర్సిటీ వాళ్ల ముందు నేనేం మాట్లాడతాను? పాపను పంపనా, మానిపించనా?

– ఒక తల్లి, కాశీనగర్ బ్లాక్

జవాబు:

అమ్మా, ముందు మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. పాపను పంపండి. తల్లుల మీటింగ్‌కు మీరు తప్పకుండా వెళ్లండి. వెనక వరసలో కూర్చుని టీ తాగి వచ్చేయకండి, మాట్లాడండి. ఆ అరుగు మీద జరుగుతున్న చదువులో పెద్ద లోటు ఏమిటో మీ ఉత్తరంలోనే ఉంది: తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చిన మనిషి వాళ్ల దగ్గర లేరు. మీ ఊళ్లో ఉన్నారు. ఆ మనిషి మీరే. టెన్త్ తెలుగు మీడియంలో చదివిన తల్లి ఒడిశా వైపు పల్లెలో ఎంత అవసరమో ఆ యూనివర్సిటీ వాళ్లకు కూడా ఇంకా తెలిసి ఉండదు. మీరు చెబితేనే తెలుస్తుంది.

యూనివర్సిటీ పేరు రాశారు గానీ ఇక్కడ వేయడం లేదు. మీరు చెప్పిన ఇబ్బందులు ఏ ఒక్క యూనివర్సిటీవో కావు. సరిహద్దు పల్లెల్లో ఇలాంటి కార్యక్రమం ఎక్కడ జరిగినా దాదాపు ఇవే ఉంటాయి.

కొత్త మొహాల సంగతి చూద్దాం. మన దేశంలో చాలా యూనివర్సిటీల్లో, కాలేజీల్లో ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం, ఉంటుంది. గాంధీగారి శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. అందులో చేరిన స్టూడెంట్ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవలో గడపాలి. దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల క్యాంపు కూడా ఉంటుంది. మీ ఊరికి వచ్చేది ఎన్ఎస్ఎస్ వాళ్లో, ఇంకో విభాగం వాళ్లో మీ ఉత్తరంలో లేదు గానీ, ఏదైనా లెక్క ఇంచుమించు ఇలాగే ఉండొచ్చు. 120 గంటలంటే ఆదివారానికి మూడు గంటల చొప్పున నలభై ఆదివారాలు. ట్రైనింగులు, ర్యాలీలు, మొక్కలు నాటడాలు పోను మీ అరుగుకు మిగిలేవి ఇంకా తక్కువ. సెమిస్టర్ పరీక్షలప్పుడు ఎవరూ రాలేరు. రెండేళ్లు పూర్తయితే ఆ స్టూడెంట్ వెళ్లిపోతారు, కొత్త బ్యాచ్ వస్తుంది.

అంటే మిమ్మల్ని ఎవరూ మోసం చేయడం లేదు, ఆ ఏర్పాటే అలాంటిది. కానీ ఈ మాట మీ ఊరి పిల్లలకు ఎవరూ చెప్పలేదు చూడండి, అది తప్పు. అలవాటైన అక్క ఒక ఆదివారం రాకపోతే “నేనేమన్నా చేశానా” అనుకునే వయసు మీ పాపది. నేను బడిలో పనిచేసిన రోజుల్లో ట్రైనింగ్ టీచర్లు చెప్పకుండా వెళ్లిపోయినప్పుడు పిల్లలు వారం రోజులు గుమ్మం వైపే చూసేవారు. అందుకని మీటింగ్‌లో ఇది అడగండి: ఏ ఆదివారాలు వస్తారు, ఏ నెలలో రారు అన్నది సెమిస్టర్ మొదట్లోనే కాగితం మీద రాసి రామమందిరం గోడకు అంటించాలి. వెళ్లిపోయే బ్యాచ్ చివరి ఆదివారం కొత్తవాళ్లను వెంటబెట్టుకుని రావాలి. ఒక్కో పిల్ల ఎక్కడిదాకా నేర్చుకుందో ఒక నోట్‌బుక్‌లో రాసి కొత్తవాళ్ల చేతికి ఇవ్వాలి. ఆ నోట్‌బుక్ లేకపోతే ప్రతి కొత్త బ్యాచ్ మళ్లీ ఏ, బి, సి, డి దగ్గరే మొదలుపెడుతుంది. ఏడాది తర్వాత చూసుకుంటే పిల్లలకు పాటలు వస్తాయి, చదువు రాదు.

స్టూడెంట్లు మారినా ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉంటారు. ఎన్ఎస్ఎస్‌లో మామూలుగా వంద మంది వలంటీర్లకు ఒక లెక్చరర్ ఆ బాధ్యతలో ఉంటారు. మిమ్మల్ని పిలిచిన మేడం బహుశా ఆవిడే. ఆవిడ ఫోన్ నంబర్ మీ దగ్గర ఉండాలి, మీ ఊళ్లో ఇద్దరు తల్లుల నంబర్లు ఆవిడ దగ్గర ఉండాలి.

మీ అత్తగారు అన్నదాంట్లో నిజం లేకపోలేదు. ఫొటోలు వాళ్లకు కావాలి. యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ అనే సంస్థ ఉంది. చుట్టుపక్కల ఊళ్లకు ఏం చేశారన్నది కూడా అది చూస్తుంది, దానికి రిపోర్టులు, ఫొటోలు పెట్టాలి. అలాగే 2014లో కేంద్రం మొదలుపెట్టిన ఉన్నత్ భారత్ అభియాన్‌లో చేరిన విద్యాసంస్థ కనీసం అయిదు ఊళ్లను ఎంచుకుని, ముందు ఇంటింటి సర్వే చేసి, తర్వాత ఆ ఊరి అవసరాల మీద పనిచేయాలి. మరుగుదొడ్డి, గ్యాస్ అని రాసుకున్నది అలాంటి సర్వే అయి ఉండొచ్చు. దీన్ని నేను తప్పు పట్టను. మీ ఊరి వల్ల వాళ్లకూ ఒక లాభం ఉందని తెలిస్తే, మీరు జంకకుండా అడగగలుగుతారు. సర్వే చేశారు కదా, అందులో ఏం తేలింది? మా ఊరికి ఏం చేయాలనుకున్నారు? దాన్ని గ్రామసభలో చదివి వినిపిస్తారా? ఈ ప్రశ్నలు అడగడం మర్యాద తప్పడం కాదు. సర్పంచ్‌ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

పిల్లల ఫొటో విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. ఎక్కడ వేస్తారో చెప్పి, తల్లినో తండ్రినో అడిగాకే తీయాలి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం కూడా పిల్లల సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. పాప పేరు, ఊరు, బడి పేరుతో కలిపి ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని చెప్పండి.

ఇక రక్తం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. పసిపిల్ల వేలికి గుచ్చి, ఫలితం చెప్పకపోవడం ఎవరు చేసినా సరికాదు. వేలి చుక్కతో సాధారణంగా చూసేది హిమోగ్లోబిన్. అయిదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు అది 11.5 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. మీ బాబు వయసులో అయితే 11కు తగ్గితే. పాపకు తక్కువగా ఉందని వాళ్లకు తెలిసి, మీకు చెప్పకపోతే ఆ పరీక్ష వల్ల పాపకు దక్కింది నొప్పి ఒక్కటే. కొండ ప్రాంతాల్లో ఇంకో పరీక్ష కూడా జరుగుతోంది. సికిల్ సెల్ అనేది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు రక్తం చూస్తున్నారు, అందులో ఒడిశా కూడా ఉంది. మీ ఊళ్లో తీసింది ఏ పరీక్షకో, ప్రభుత్వ వైద్య సిబ్బందితో కలిసి చేశారో, ఎవరైనా తమ పరిశోధన కోసం చేశారో ఆ మేడంనే అడిగి తెలుసుకోండి.

పరిశోధన కోసమైతే నియమాలు గట్టిగా ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. ఏడేళ్లు దాటిన పిల్లను కూడా, ఆమెకు అర్థమయ్యేలా చెప్పి, “సరేనా?” అని అడగాలి. సంస్థకు ఒక నైతిక కమిటీ ఉంటుంది, దాని అనుమతి కూడా ఉండాలి. అనుమతి కాగితం మీకు చదవడం వచ్చిన భాషలో ఉండాలి. ఒడియాలో ఉన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి. “తెలుగులో చదివి వినిపించండి, ఒక కాపీ నాకివ్వండి” అనండి. వద్దంటే కూడా పాప చదువుకు అడ్డు రాకూడదు. రక్తం ఇవ్వకపోతే ఆదివారం రానివ్వం అనే హక్కు ఎవరికీ లేదు.

ఫలితం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ ఊరి ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ దీదీనో అడిగి ఇద్దరికీ హిమోగ్లోబిన్ చూపించండి. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు బడిలో వారానికి ఒక గులాబి రంగు ఐరన్ మాత్ర ఇవ్వాలి, పాపకు అందుతోందో లేదో కనుక్కోండి. అన్నం తిన్నాక వేసుకోవాలి. మలం నల్లగా వస్తే భయపడొద్దు, ఐరన్ వల్ల అలా వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాపకు సగం అర్థం కాదన్నారు. మూడు భాషలు ఎక్కువైపోతున్నాయని మీ భయం. అమ్మా, ఎక్కువైంది భాషలు కావు. కాశీనగర్ సంతలో కూరగాయలమ్మే ఆవిడ తెలుగు, ఒడియా, కొండల మీది సవరల భాష మూడూ మాట్లాడుతుంది. పాపకు లోటుగా ఉన్నది, విన్నదాన్ని తెలుగులో ఒకసారి ఆలోచించుకునే వీలు. బడిలో ఆ వీలు లేదు, అరుగు మీద కూడా లేకపోతే పిల్ల మాటలు బట్టీ పట్టి నెట్టుకొస్తుంది. నాలుగో తరగతి దాకా అది నడుస్తుంది. ఆరు, ఏడు తరగతులకు వచ్చాక సైన్సు, సోషల్ దగ్గర ఆగిపోతుంది. మన వైపు తెలుగు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, అక్కడే బడి మానేయడం నేను చాలా చూశాను.

లెక్కల్లో ఒక చిక్కు చెబుతాను, మీరు పాప దగ్గర పరీక్షించి చూడండి. తెలుగులో ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై అయిదు అంటాం. పదులు ముందు, ఒకట్లు తర్వాత. వినగానే అంకెలు వేసేయొచ్చు. ఒడియాలో 21ని ఏకోఇశి, 22ని బాఇశి, 23ని తేఇశి అంటారు. అక్కడి నుంచి 99 దాకా, హిందీలో లాగే, ఇంచుమించు ప్రతి సంఖ్యకూ విడిగా ఒక పేరు గుర్తుపెట్టుకోవాలి. తెలుగింటి పిల్లకు కూడిక వచ్చు, సంఖ్య పేరు వినగానే తడబడుతుంది. కొత్తగా వచ్చిన స్టూడెంట్ “ఈ పాప లెక్కల్లో వీక్” అని రాసేసుకుంటాడు. అదే లెక్క మీరు తెలుగులో అడిగి చూడండి. 47లోంచి 19 తీస్తే ఎంత అంటే పాప ఠక్కున చెబితే, చిక్కు లెక్కలో లేదని మీకు రుజువైనట్టే. మీటింగ్‌లో ఈ ఒక్క విషయం చెప్పినా చాలు, ఆ స్టూడెంట్లు చెప్పే పద్ధతి మారుతుంది.

లిపి దగ్గర మాత్రం మనకు కలిసొచ్చేది ఉంది. ఒడియా అక్షరాలు చూస్తే మీకు గుండ్రంగా, కొత్తగా కనిపిస్తాయి గానీ, వరస మనదే. అచ్చుల వరస, క ఖ గ ఘ వరస, గుణింతం పద్ధతి రెండు లిపుల్లోనూ ఒకటే, రెండూ బ్రాహ్మీ నుంచి వచ్చినవే. మనకు ఎక్కువగా ఉన్నవి ముఖ్యంగా ఎ, ఒ అనే రెండు పొట్టి అచ్చులు. అందుకని ఇంట్లో ఇలా చేయండి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. ఎడమ పేజీలో పాప ఒడియా అక్షరం రాయాలి, కుడి పేజీలో మీరు దాని తెలుగు అక్షరం రాయాలి. రోజుకు ఒక వర్గం. పాప మీకు ఒడియా నేర్పుతుంది, మీరు పాపకు తెలుగు నేర్పుతారు. నేర్పేటప్పుడు పిల్లకు ఎంత బాగా వస్తుందో మీరే చూస్తారు. ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని నెలలకు పాప ప్రోగ్రెస్ కార్డు, బడి నోటీసు, రేషన్ కాగితం మీరే చదువుకోగలుగుతారు. పదేళ్లుగా ఎవరో ఒకరిని బతిమాలుకుని చదివించుకుంటూ ఉండి ఉంటారు, ఆ అవసరం తగ్గుతుంది.

అక్షరాలు పట్టుబడ్డాక కథల్లోకి వెళ్లండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే సైట్‌లో పిల్లల బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. ఒకే కథ తెలుగులోనూ, ఒడియాలోనూ దొరికేవి అందులో ఉన్నాయి. యూనివర్సిటీ వాళ్లకు ప్రింటర్లు ఉంటాయి కదా, అలాంటి కథలు కొన్ని రెండు భాషల్లోనూ ప్రింట్ తీసి, ఒక డబ్బాలో పెట్టి ఊళ్లో ఉంచమని అడగండి. మీరు తెలుగు కథ చదివి వినిపించండి, తర్వాత పాప ఒడియా కథ చదవాలి. కథ ముందే తెలుసు కాబట్టి ఒడియా మాటలకు అర్థం దానంతటదే పట్టుబడుతుంది. స్టూడెంట్లు రాని రెండు నెలలు కూడా ఆ డబ్బా ఊళ్లోనే ఉంటుంది. నన్నడిగితే, బ్యానర్ కట్టి ఒక రోజు జరిపే మేళా కంటే ఈ డబ్బా వంద రెట్లు మేలు.

ఎవరైనా స్టూడెంట్ మంచి మనసుతోనే “ఇంట్లో కూడా ఒడియాలో మాట్లాడండి, పాపకు త్వరగా వస్తుంది” అని సలహా ఇవ్వొచ్చు. వద్దు. మీకు వచ్చీరాని ఒడియాలో మాట్లాడితే పాపకు మంచి ఒడియా రాదు, మంచి తెలుగు కూడా పోతుంది. ఒడియా బడిలో, స్నేహితుల దగ్గర వస్తుంది. మీరు తెలుగులో కబుర్లు చెప్పండి, ఎందుకు, ఎలా అని అడగండి, పాప చేత పెద్ద పెద్ద జవాబులు చెప్పించండి.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే అనుకోకండి. ప్రాథమిక స్థాయిలో భాషా అల్పసంఖ్యాక పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతోంది. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. ఒడిశా ప్రభుత్వం 2006-07 నుంచి సవర, కుయి, కోయ లాంటి గిరిజన భాషల పిల్లలకు మొదటి తరగతుల్లో వాళ్ల భాషతోనే చదువు మొదలుపెట్టే ఏర్పాటు చేసింది. మన ఊళ్లలో తెలుగు పిల్లలకు అలాంటిది బడిలో దొరక్కపోతే ఆదివారం అరుగు మీదైనా దొరకాలి కదా.

మన పర్లాకిమిడిలోనే దీనికి దారి వేసిన మనిషి ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడి రాజావారి బడిలో, తర్వాత కాలేజీలో పనిచేశారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. ఆ పోరాటానికి ముందే కొండల మీది సవర పిల్లలకు తెలుగులోనో, ఒడియాలోనో పాఠం చెబితే ఎక్కదని గ్రహించారు. ఆ భాష వచ్చిన మనిషిని దగ్గర పెట్టుకుని తాను సవర నేర్చుకున్నారు, ఆ భాషలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడి నడిపారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయ్యేనాటికి ఆయనకు డెబ్బై దగ్గర పడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు, మీ పుట్టిల్లు ఉన్న పాతపట్నం అటు పడ్డాయి గానీ, ఆయన చూపిన పద్ధతి రెండు వైపులా పనికొస్తుంది. చదువు చెప్పడానికి వచ్చినవాళ్లు ముందు పిల్లల భాష కొంత నేర్చుకోవాలి. మీ ఊరికి వచ్చే స్టూడెంట్లకు మీరు నెలకు ఇరవై తెలుగు మాటలు నేర్పించినా ఆ పని మొదలైనట్టే. “అర్థమైందా”, “మళ్లీ చెప్పు”, “భయపడకు”, “ఎందుకలా అనుకున్నావు” – ఇలాంటివి నాలుగు ముందు నేర్పండి.

పాపకు నిజంగా ఉపయోగం ఉందో లేదో మీరే కనుక్కోవచ్చు. మూడు నెలలకోసారి రెండో తరగతి ఒడియా వాచకం ముందు పెట్టి, ఎప్పుడూ చదవని పేజీ తీసి చదవమనండి. తర్వాత పుస్తకం మూసి, చదివింది తెలుగులో చెప్పమనండి. గడగడా చదివి ఏమీ చెప్పలేకపోతే చదువు పైపైనే ఉంది. తడుముకుంటూ చదివినా కథ చెప్పగలిగితే దారిలో పడింది. ఒడియా చదవడం మీకు రాకపోయినా ఈ పరీక్ష పెట్టగలరు, అందుకే చెబుతున్నాను. ఆరు నెలలకూ మార్పు లేకపోతే మానిపించకముందు ఆ మేడంకు ఫోన్ చేసి చెప్పండి.

బాబు గురించి రెండు మాటలే. అంగన్‌వాడీ వయసు పిల్లవాడిని అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించొద్దని స్టూడెంట్లకు చెప్పండి. ఆటలు, పాటలు, కథలు చాలు. ఆ కథలు, పాటలు మీ అత్తగారికి తెలిసినన్ని ఆ స్టూడెంట్లకు తెలియవు. ఆవిడను ఒక ఆదివారం వెంట తీసుకెళ్లి చిన్నపిల్లల దగ్గర కూర్చోబెట్టండి. పని జరుగుతున్నది కళ్లారా చూస్తే ఆవిడ అనుమానం తగ్గొచ్చు, తగ్గకపోయినా ఒక పెద్దావిడ కన్నేసి ఉంచడం మంచిదే. పాఠాలు ఎప్పుడూ నలుగురూ తిరిగే చోటే జరగాలి. ఎంత మంచివాళ్లయినా సరే, పిల్లను ఒంటరిగా బండి మీద ఎక్కించుకుని వెళ్లడం, గదిలో విడిగా కూర్చోబెట్టడం వద్దని మీటింగ్‌లో అందరి ముందూ ఒకసారి చెప్పేస్తే తర్వాత ఎవరికీ ఇబ్బంది ఉండదు. పిల్లల సాయానికి 1098 నంబర్ ఉందని పాపకూ తెలిసి ఉండాలి.

మీటింగ్‌లో ఎలా మాట్లాడాలన్నారు. తెలుగులోనే మాట్లాడండి. వాళ్లలో తెలుగు వచ్చిన స్టూడెంట్ ఒకరిద్దరు ఉన్నారన్నారు కదా, ఒడియాలోకి మార్చి చెప్పమని అడగండి. ఒక్కరే వెళ్లకండి, ఇంకో ఇద్దరు తల్లులతో ముందురోజు రాత్రి మాట్లాడుకుని, ఎవరు ఏది అడగాలో పంచుకోండి. పాప ఒడియా పుస్తకం, లెక్కల నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి, చెప్పేది చూపించి చెబితే మాటలు వెతుక్కోనక్కర్లేదు. అన్నీ ఒకే రోజు అడగలేకపోతే రక్తం ఫలితం, రాని ఆదివారాల కాగితం, తెలుగు కథల డబ్బా – ఈ మూడూ ముందు అడగండి. వాళ్లు ఒప్పుకున్నవి ఒక కాగితం మీద రాసి, మేడం చేత, సర్పంచ్ చేత సంతకం పెట్టించి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

బడిలో కూడా ఈ గొంతు వినిపించాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మీ బడి కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. వచ్చేసారి మీ పేరు ఇవ్వండి. యూనివర్సిటీ వాళ్లు, బడి టీచర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చెరో పాఠం చెప్పడం వల్ల కూడా పిల్లలు నలుగుతారు. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టమని ఆ కమిటీలో అడగొచ్చు.

తెలుగు వచ్చిన వలంటీర్లను ప్రతి ఆదివారం పంపలేమని వాళ్లు అంటే, అది అబద్ధం కాకపోవచ్చు, వాదించకండి. “అయితే ఒక గంట తెలుగు నేను చెబుతాను, పిల్లలను నాకు అప్పగించండి” అనండి. కుర్చీ, నల్లబల్ల, సుద్దముక్కలు అడగండి. వరినాట్ల రోజుల్లో మీకు ఆదివారం పొద్దున్న కుదరదు కాబట్టి, ఆ మాట కూడా అప్పుడే చెప్పి సాయంత్రం నాలుగింటికి పెట్టమనండి.